క్రేను కార్డుకి పన్నెండు నిమిషాలు

లైసెన్సు కచేరీలో కుర్చీలకు అతుక్కుపోయిన పెద్దలారా, ఆగస్టు ఒకటో తేదీ తర్వాత లా హొర్కెతా కొండ దారి మలుపుల్లో ఏ బండైనా లోయ అంచున వేలాడుతుంటే దాన్ని అక్కడ వేలాడదీసింది మీరే. పొగమంచు కాదు, వాన కాదు, అరిగిన టైర్లు కాదు. మీరు, మీ స్టాప్‌వాచ్, సొరుగులో పెట్టి తాళం వేసుకున్న మీ తాళంచెవి.

ఇది నింపాదిగా రాద్దామనే కూర్చున్నాను. "తిట్లు తగ్గించు సెక్రటరీ, చదివేది ఇంజనీర్లు, ఏడుస్తారు" అంది దోన్యా ఒతీలియా. తగ్గించాను. పైన ఉన్నది తగ్గించాక మిగిలినది.

దోన్యా ఒతీలియా గ్వారిన్ ఎవరో మీకు తెలుసు. మీ దస్త్రంలో 'ఫెయిల్' అని ఎర్ర సిరాతో రాసి ఉన్న రెండు పేర్లలో మొదటిది. మా దారిలో అయితే ఆమె ఇరవై ఆరేళ్ళుగా క్రేను బండి నడుపుతున్న మనిషి. ఇంజను ఆగినదైనా, కాలవలో దిగినదైనా, కొండరాయిని ముద్దు పెట్టుకున్నదైనా, వెళ్ళి కొక్కెం తగిలించి, ముందు చక్రాలు పైకి లేపి ఊళ్ళోకి లాక్కొస్తుంది. ఆమె బండి ఆకుపచ్చగా ఉంటుంది. ఎడమ తలుపు ఇనుప తీగతో కట్టి ఉంటుంది. ముందు అద్దం మీద 'లా పాసియెన్సియా' అని తెల్ల అక్షరాలు, అంటే ఓర్పు అని. ఓర్పు బండిది. ఆమెకు అంతగా లేదు.

మా క్రేను డ్రైవర్ల సంఘంలో సభ్యులం ఇద్దరం. ఆమె అధ్యక్షురాలు, నేను సెక్రటరీ. ఓట్లు ఒకటికి ఒకటి పడి తీర్మానం ఆగిపోతే అధ్యక్షురాలి ఓటు రెండుగా లెక్క. ఆ నియమం ఆమే ప్రతిపాదించింది, ఆమే నెగ్గించింది.

జనవరిలో మీ కొత్త నియమం వచ్చింది. పెద్ద బండి లైసెన్సు ఒక్కటే చాలదట, క్రేను నడపడానికి విడిగా కార్డు ఉండాలట. జూలై ఆఖరు లోపు కార్డు తెచ్చుకోనివాళ్ళ బండి ఆగస్టు ఒకటిన మీ యార్డులోకి పోతుందట. సరే అన్నాం. నిజంగానే సరే అన్నాం. గొలుసు ఎలా బిగించాలో తెలియనివాడు కొండ దారిలో క్రేను నడిపితే చచ్చేది వాడొక్కడే కాదు, ఆ సంగతి మీకంటే మాకే బాగా తెలుసు. కార్డు ఉండాల్సిందే. నా తగువు కార్డుతో కాదు.

ముందు ఆరోగ్య పరీక్ష అన్నారు. ఒక డబ్బా ముందు కూర్చోబెట్టి, రెండు గీతల మధ్య చుక్క నడుస్తుంది, గీతకు తగలనివ్వకుండా చక్రం తిప్పమన్నారు. ఒతీలియా మొదటిసారి తప్పింది. "ఏమైందమ్మా?" అని అడిగింది నర్సు.

"నిద్రొచ్చింది తల్లీ. ఈ దారిలో మంచు లేదు, ఆవు లేదు, ఎదురుగా తాగినోడు లేడు. ఒక ఆవునన్నా పెట్టండి, మేలుకుంటా."

రెండోసారి నెగ్గింది.

తర్వాత నలభై గంటల క్లాసు. టై కట్టుకున్న మాస్టారు గోడ మీద బొమ్మలేసి 'ఇది కొక్కెం' అని చెప్పాడు. ఒతీలియా నలభై గంటలూ బుద్ధిగా కూర్చుంది, ముప్పైతొమ్మిదో గంటలో మాత్రం చెయ్యెత్తింది. "మాస్టారూ, మీరు ఎప్పుడైనా బండి లాగారా?" ఆయన నిజాయితీపరుడు. "మా బండినే ఒకసారి లాగించుకున్నానమ్మా" అన్నాడు.

ఆ తర్వాత అనుభవ పత్రం. పనిచేసిన చోట యజమాని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేయాలి. ఆమెకు యజమాని ఆమే. అందుకని తనకు తానే రాసుకుంది: 'ఒతీలియా గ్వారిన్ నా దగ్గర ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తోంది. తాగదు. వేళకు వస్తుంది. యజమానిని అప్పుడప్పుడు తిడుతుంది కానీ కారణం ఉంటేనే.' కింద మా సంఘం ముద్ర వేశాను. మీరు దాన్ని ఒప్పుకున్నారు. ముద్ర గుండ్రంగా ఉంటే మీరు దేన్నైనా ఒప్పుకుంటారని అప్పుడే తెలిసింది.

ఇక మిగిలింది ఆఖరి పరీక్ష. మీ యార్డులో ఒక కారు పెడతారు. క్రేను వెనక్కి తెచ్చి, కొక్కెం తగిలించి, కారు ఎత్తి, లాక్కెళ్ళి, సున్నం గీసిన గడిలో దించాలి. పన్నెండు నిమిషాలు. ఒతీలియాకు అందులో మూడో వంతు చాలు.

ఇక్కడ మా దారి పద్ధతి ఒకటి చెప్పాలి. మీ నియమంలో అది లేదు. ఈ గొడవంతా దాని వల్లే.

మా దగ్గర కార్మెన్ తల్లి లేని బండి ఉండదు. డ్రైవర్లను కాచే తల్లి ఆవిడ. ఆవిడ చిన్న బొమ్మను ముందు అద్దానికి దారం కట్టి వేలాడదీస్తారు, గోధుమరంగు అంగీ, చేతిలో బిడ్డ. మీ కార్లలోనూ ఉంది, ఎరగనట్టు చూడకండి. బండి పాడైతే మా దారిలో ఎవరూ ఆ తల్లిని బండితో పాటు లాక్కురారు. దారంతా నిలబడి కాచిన మనిషిని తలకిందులుగా ఊగించుకుంటూ ఈడ్చుకొస్తారా? బండి యజమాని ఆవిడను విప్పి, చేతుల్లో పట్టుకుని, క్రేను క్యాబిన్లో డ్రైవరు పక్కన కూర్చుంటాడు. అప్పుడు కొక్కెం. అంతకు ముందు కాదు.

నాకు దేవుడితో పాత పేచీ ఉంది. ఎన్నిసార్లు పిలిచినా ఆయన మా సంఘంలో చేరలేదు. కాబట్టి మొదట్లో నేను దీన్ని చూసి విసుక్కునేవాణ్ణి. ఒకసారి ఏడో మలుపు దగ్గర ఉల్లిపాయల లారీ ఒకటి గోడకు గుద్దుకుని ఆగింది. డ్రైవరు కొత్తవాడు, పల్లపు ఊరివాడు, దెబ్బ తగల్లేదు కానీ రోడ్డు పక్కన నిలబడి కొయ్యలా చూస్తున్నాడు. రోడ్డు నిండా ఉల్లిపాయలు. వెనక పదిహేను బండ్లు హారన్లు. ఒతీలియా మాత్రం తాపీగా లారీలోకి ఎక్కి, తల్లిని కట్టిన దారం ముడి విప్పలేక పళ్ళతో కొరుకుతోంది.

"అధ్యక్షురాలా, బొమ్మని తర్వాత చూద్దువుగాని, ముందు లారీని చూడు!" అని అరిచాను.

"లారీకేం కాలేదు గానీ, నువ్వా అబ్బాయి చేతులు చూడు."

చూశాను. గజగజ వణుకుతున్నాయి. ఆమె దిగొచ్చి తల్లిని ఆ చేతుల్లో పెట్టింది. "పడేశావంటే ఊరుకోను, గట్టిగా పట్టుకో" అని గదమాయించి క్యాబిన్లో కూర్చోబెట్టింది. ఫ్లాస్కులోంచి వేడి బెల్లం నీళ్ళు పోసి ఇచ్చింది. ఊళ్ళోకి వచ్చేసరికి అతను మాట్లాడుతున్నాడు. వాళ్ళావిడ పేరు చెప్పాడు, ఉల్లిపాయల రకం చెప్పాడు.

"చూశావా? పట్టుకోవడానికేదన్నా ఇస్తే చేతులు వణుకు మర్చిపోతాయి. చేతులు మర్చిపోతే మనిషి మర్చిపోతాడు. తల్లి మీద నమ్మకముంటే తల్లి పట్టుకుందనుకో, లేకపోతే బొమ్మనుకో. నాకు రెండూ ఒకటే" అంది నాతో.

ఆ తర్వాత నేనూ నా బండితో అదే చేస్తున్నాను. నమ్మకంతో కాదు. అలవాటుతో.

పరీక్ష జూలై పదిహేడున పెట్టారు. పదహారు కార్మెన్ తల్లి పండగ. ఆ రోజు ఊళ్ళో ఉన్న ప్రతి చక్రం పూలు కట్టుకుని హారను కొట్టుకుంటూ తిరిగింది. ఫాదరు బకెట్టు పట్టుకుని దీవెన నీళ్ళు చల్లీ చల్లీ భుజం పట్టేసి కట్టు కట్టించుకున్నాడు. పదిహేడున మా చెవులు ఇంకా గుయ్యిమంటున్నాయి. పూలు విప్పకుండానే 'ఓర్పు'లో ఒతీలియా, వెనక నా బండిలో నేను, రెండున్నర గంటలు కొండ దిగి నగరానికి వచ్చాం.

యార్డు గేటు దగ్గరే మొదటి తమాషా. కాపలాదారు దోన్ అబెలీనో అడ్డం వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, నెత్తిన వెడల్పాటి టోపీ, చేతిలో నియమాల కాగితం. కాగితాన్ని పామును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకున్నాడు.

"అమ్మా, కోప్పడకు. కార్డున్నవాళ్ళే క్రేను నడుపుతూ ఈ గేటు దాటాలని రాసుంది."

"కార్డు కోసమేగా వచ్చాను, దోన్ అబెలీనో."

"నేనూ అదే అడిగాను పైవాళ్ళని. కార్డు తెచ్చుకుని కార్డు పరీక్షకి రమ్మన్నారు."

ఒతీలియా నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు గేటును చూసింది. నేను జేబులోంచి పెన్ను తీశాను, ఫిర్యాదు రాద్దామని. "పెన్ను లోపల పెట్టు సెక్రటరీ, భుజం బయటికి తియ్యి" అంది. ఇంజను ఆపేసింది. ఇంజను ఆగితే నడపడం కాదు కదా, తొయ్యడం. గేటు లోపలికి నేల కొంచెం వాలుగా ఉంది. ఆమె చక్రం పట్టుకుంది, నేనూ అబెలీనో వెనక నుంచి తోశాం. గేటు కాపలాదారే గేటు దాటించాడు. తర్వాత నా బండి. ఇద్దరికీ చొక్కాలు తడిసిపోయాయి.

మా పక్కనుంచే నగరం కంపెనీ క్రేను ఒకటి, తళతళలాడే పసుపుది, దర్జాగా లోపలికి పోయింది. కంపెనీ యజమానికి కార్డుంది. కార్డు నంబరు ఒకటి. ఆయనే గేటు దాటించి దిగి వెళ్ళిపోయాడు. ఒకటో నంబరు కార్డు ఇచ్చిన రోజున ఆయన బండిని గేటు లోపలికి ఎవరు తోశారో మీరే చెప్పాలి. పరీక్ష రాయాల్సింది ఆయన డ్రైవరు ఫాబెర్. ముప్పై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, నవ్వు ముఖం.

పరీక్ష పెట్టేది ఇంజనీర్ ఎవెలియో. సన్నగా ఉంటాడు, మెడలో స్టాప్‌వాచ్, చేతిలో పరీక్ష కాగితం బిగించిన అట్ట. చెడ్డమనిషి కాడు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనకండి.

పరీక్ష కారు యార్డు మధ్యలో ఉంది. తెల్లది, ఇంజను ఎప్పుడో తీసేశారు. ఒతీలియా పేరు పిలిచారు. మధ్యాహ్నం పన్నెండున్నర.

ఎవెలియో స్టాప్‌వాచ్ నొక్కాడు. ఒతీలియా 'ఓర్పు'ను వెనక్కి తెచ్చింది, ఒక్కసారే, సర్దుకోవడాలు లేవు. కారు ముక్కుకూ కొక్కేనికీ మధ్య జానెడు. దిగింది. చక్రాల కింద చెక్కలు పెట్టింది. గొలుసు భుజాన వేసుకుని కారు పక్కకు వచ్చి, అద్దంలోంచి లోపలికి చూసి, ఆగిపోయింది.

"ఈ తల్లి ఎవరిది?"

"ఏ తల్లి?" అన్నాడు ఎవెలియో.

ముందు అద్దానికి కార్మెన్ తల్లి వేలాడుతోంది. కొత్తది. మెడలో చిట్టి పూలదండ కూడా.

గేటు దగ్గర అన్నం డబ్బా విప్పుకుని కూర్చున్న అబెలీనో లేచాడు. "నాదేనమ్మా. నిన్న పండగ కదా. అన్ని బండ్లకీ కట్టారు, ఇది ఒక్కటీ ఊరికే నిలబడి చూస్తోంది. ఇంజనున్న బండ్లకేనా దీవెన? ఇంజను లేనిదానికే కదా ఎక్కువ కావాలి! అందుకని నేనే కట్టి, ఫాదరుతో నీళ్ళు చల్లించాను."

"మంచి పని చేశావు. రా, వచ్చి తీసుకో ఆవిణ్ణి. కొక్కెం వెయ్యాలి."

"కారుకి తాళం వేసుంది. తాళంచెవి కచేరీ గుమాస్తా సెన్యోరీతా సొరుగులో. ఆవిడ భోజనానికి వెళ్ళింది."

"దోన్యా ఒతీలియా, ఒకటిన్నర నిమిషం అయింది" అన్నాడు ఎవెలియో. "కారు న్యూట్రల్లోనే ఉంది. తలుపు తియ్యక్కర్లేదు. కొక్కెం వేసెయ్యండి."

"తల్లి లోపలుంది ఇంజనీరుగారూ."

"పరీక్షలో తల్లి లేదమ్మా."

"కారులో ఉందిగా."

ఎవెలియో అట్ట తిప్పి చూశాడు, వెనకవైపు కూడా. ఇరవై మూడు అంశాలున్నాయి. చెక్కలున్నాయి, గొలుసుంది, దీపాలున్నాయి. కారు గలవాడు లేడు. మీరు రాసిన పరీక్షలో బండ్లు వాటంతటవే పాడవుతాయి, లోపల ఎవరూ ఉండరు.

అబెలీనో టోపీ పట్టుకుని పరుగెత్తాడు. సెన్యోరీతా వీధి చివర హోటల్లో ఉంది. చికెను సూపు సగంలో ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషి పరుగు ఎలా ఉంటుందో అలాగే ఉంది. నాలుగు నిమిషాలు. ఆరు. ఒతీలియా గొలుసు భుజాన పెట్టుకునే నిలబడింది. దించితే మళ్ళీ ఎత్తాలి కదా.

నేను దగ్గరికి వెళ్ళి మెల్లగా అన్నాను. "అధ్యక్షురాలా, ఇది పరీక్ష. కారు ఉత్తుత్తిది. ఈ ఒక్కసారికి..."

"కారు ఉత్తుత్తిదే. ఆ ముసలాయన ఉత్తుత్తివాడా?"

"కార్డు రాకపోతే ఆగస్టు ఒకటిన బండి పోతుంది."

"తెలుసులే. నాకు నలభై గంటలు క్లాసు చెప్పారు, నువ్వూ మొదలుపెట్టకు."

పన్నెండు నిమిషాలు అయ్యాయి. స్టాప్‌వాచ్ కీచుమంది. ఎవెలియో దాన్ని ఆపి, ఎర్ర పెన్ను తీశాడు. పద్నాలుగో నిమిషంలో అబెలీనో తాళంచెవితో వచ్చాడు, వెనకాలే సెన్యోరీతా మూతి తుడుచుకుంటూ. తలుపు తీసి, తల్లిని విప్పి, చేతుల్లో పట్టుకుని అబెలీనో 'ఓర్పు' క్యాబిన్లో ఎక్కి కూర్చున్నాడు. ఒతీలియా ఆయనకు కూడా బెల్లం నీళ్ళు పోసింది, పరుగెత్తి వచ్చాడని. అప్పుడు కొక్కెం వేసింది. మూడున్నర నిమిషాల్లో కారు సున్నం గడిలో ఉంది, నాలుగు గీతలకూ సమానంగా. అద్దాలు కూడా గలగల్లాడలేదు.

"చాలా బాగుంది," అన్నాడు ఎవెలియో. మనసులోంచే అన్నాడు. "ఫెయిల్."

"మళ్ళీ ఎప్పుడు?"

"నవంబరులో."

ఒతీలియా గొలుసు చుట్టి పెట్టుకుంది. మామూలు కంటే రెండు చుట్లు ఎక్కువ చుట్టింది.

తర్వాతి పేరు నాది. ప్రతి పరీక్ష తర్వాతా కారును మొదట ఉన్నట్టే ఉంచాలి, అది మీ ఆరో నియమం. అబెలీనో నియమం తప్పే మనిషి కాడు. కారును తోయించి పాత చోటుకి తెచ్చాడు, తల్లిని మళ్ళీ కట్టాడు, తాళం వేశాడు, తాళంచెవి సెన్యోరీతాకు ఇచ్చాడు. ఆమె సొరుగులో పెట్టింది. గేటు దగ్గరికి పోయి మళ్ళీ అన్నం డబ్బా ముందు కూర్చున్నాడు.

"వెళ్ళు సెక్రటరీ," అంది ఒతీలియా. "నువ్వు నాస్తికుడివి. నువ్వన్నా పాసవు. దారికి ఒక్క క్రేనన్నా మిగలాలి."

నిజంగానే పాసవుదామనే వెళ్ళాను. అబద్ధం చెప్పను. బండి వెనక్కి తెచ్చాను, ఆమెలా ఒక్కసారే కాదు, రెండుసార్లు. చెక్కలు పెట్టాను. కొక్కెం చేతిలోకి తీసుకున్నాను. అంత చిన్న బొమ్మ, బొటనవేలంత, నాకేం పేచీ లేదు దాంతో. కొక్కెం వెయ్యబోతూ ఊరికే గేటు వైపు చూశాను. అబెలీనో చెంచా నోటి దగ్గర ఆగిపోయి ఉంది. బీన్సు, అన్నం, పైన వేయించిన అరటిముక్క. నన్ను ఆపట్లేదు. అడగట్లేదు. ఊరికే చెంచా పట్టుకుని చూస్తున్నాడు.

కొక్కెం కింద పెట్టాను.

"ఏంటి సెక్రటరీ? మతం పుచ్చుకున్నావా?" అని అక్కణ్ణుంచి ఒతీలియా కేకేసింది.

"మతం కాదు. చెంచా."

"ఏ చెంచా?"

"నీకు తర్వాత చెబుతాను. తాళంచెవి!"

ఈసారి సెన్యోరీతా ఉంది, సొరుగూ ఉంది. కానీ తాళంచెవి ఇవ్వాలంటే ఒక్కో అభ్యర్థికీ విడిగా చీటీ రాసి, పరీక్షకుడు సంతకం పెట్టి, ముద్ర వేయాలట. సిరా ఎండిపోయింది. సెన్యోరీతా ముద్ర మీద ఉమ్మి వేయబోయి, మమ్మల్ని చూసి ఆగి, నీళ్ళు తెచ్చుకోవడానికి వెళ్ళింది. తాళంచెవి చేతికొచ్చేసరికి పదమూడు నిమిషాలు, నేనూ ఫెయిల్. ఒతీలియా కంటే ఒక నిమిషం మెరుగు. ఆ మాట ఆమెకు ఇప్పటికీ రోజూ గుర్తుచేస్తున్నాను.

మూడో పేరు ఫాబెర్. మళ్ళీ తల్లిని కట్టారు, మళ్ళీ తాళం. అబెలీనో అన్నం చల్లారిపోయింది. ఫాబెర్ పసుపు బండి సర్రున వెనక్కి వచ్చింది, కొక్కెం పడింది, కారు ముక్కు పైకి లేచింది, లాగాడు, మలుపు తిప్పాడు. ఆ మలుపులో దారం తెగింది. ఖాళీ కారులో తల్లి రేకు నేల మీద పడిన చప్పుడు. చిన్న చప్పుడే. కానీ ఇంజను లేని కారు కదా, డబ్బాలో గులకరాయి పడ్డట్టు మోగింది. యార్డంతా వినబడింది.

రెండు నిమిషాల యాభై సెకన్లు. నూటికి నూరు. పాస్.

అబెలీనో డబ్బాకు మూత పెట్టేశాడు.

తాళంచెవి కోసం చీటీ రాయలేదు ఈసారి. ఎవెలియో తనే వెళ్ళి సొరుగు లాగి తీసుకున్నాడు. సెన్యోరీతా చీటీల పుస్తకం మూసేసింది. ఆయన కారు తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, సీటు కింద చెయ్యి పెట్టి వెతికాడు. ప్యాంటుకు గ్రీజు అంటుకుంది. తల్లి దొరికింది. చేతిలోని బిడ్డ విరిగి వేరే మూలకు పోయింది, అదీ వెతికి తీశాడు. రెండూ రుమాల్లో పెట్టి అబెలీనో దగ్గరికి తెచ్చాడు.

"క్షమించు దోన్ అబెలీనో."

"పర్లేదు ఇంజనీరుగారూ," అన్నాడు అబెలీనో. "ఆయన పాసయ్యాడుగా."

ఎవెలియో ఆ మాటకు తలెత్తలేదు.

ఫాబెర్‌ను తిట్టకండి. నేను తిట్టబోయాను, ఒతీలియా నా కాలు తొక్కింది. అతనికి ఎవరూ చెప్పలేదు. నలభై గంటల్లో చెప్పలేదు, ఇరవై మూడు అంశాల్లో లేదు. పాపం అతను కార్డు చేతిలో పట్టుకుని, ఆ కార్డు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. తర్వాత ఒతీలియా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీరైతే ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెడతారు?"

"ఎక్కడా కూర్చోబెట్టం బాబూ. బండి గలవాడి చేతుల్లో పెడతాం. వాణ్ణి కూర్చోబెడతాం."

"వాడికి నమ్మకం లేకపోతే?"

"అయితే ఫ్లాస్కు చేతికివ్వు. ఏదో ఒకటి పట్టుకోవాలి మనిషి." తర్వాత నా వైపు చూపించింది. "ఈయన్ని ఎక్కించుకుంటే పెన్ను ఇవ్వు, సరిపోతుంది."

ఫాబెర్ నవ్వాడు. అబెలీనో కూడా కొంచెం నవ్వాడు, రుమాలు విప్పకుండానే.

మేం బయల్దేరబోతుంటే ఎవెలియో నన్ను పక్కకు పిలిచి ఒతీలియా పరీక్ష కాగితం నకలు చేతిలో పెట్టాడు. అడుగున 'గమనికలు' అని ఒక గడి ఉంటుంది. మామూలుగా ఖాళీగా ఉంటుంది. అందులో నీలం సిరాతో ఒక వాక్యం రాశాడు: 'అభ్యర్థి వాహన యజమాని వచ్చి కూర్చునే వరకు పని మొదలుపెట్టలేదు.'

"ఇది తప్పుగా రాశారా, ఒప్పుగా రాశారా?" అని అడిగాను.

"నేను రాయగలిగింది అంతే సెక్రటరీ. చదవడం నీ పని."

చదివాను. ఇప్పుడు మీకు వినిపిస్తున్నాను.

తిరుగు దారిలో ఏడో మలుపు దగ్గర కాఫీ కోసం ఆగాం. మంచు దిగుతోంది. ఒతీలియా కప్పు పట్టుకుంది కానీ తాగట్లేదు. నేను చెంచా సంగతి చెప్పాను. విని చాలాసేపు నవ్వింది. తర్వాత ఆపేసి, కప్పులోకి చూస్తూ అంది:

"సెక్రటరీ, నవంబరు దాకా నా బండి వాళ్ళ యార్డులో ఉంటే, నా చేతులకి పట్టుకోవడానికి ఏమిస్తావు?"

నేను జేబులోని పెన్ను తడుముకున్నాను. "పోనీలే, ఆ పెన్ను ఇటివ్వు" అంది. ఇచ్చాను. తన చేతిలో అటూ ఇటూ తిప్పి, మళ్ళీ నా జేబులో పెట్టింది. "నాకెందుకు, నువ్వే రాయి."

అందుకే రాస్తున్నాను.

నిన్న కూడా ఆమె దారి మీదకు వెళ్ళింది. రొట్టెల వ్యాను ఒకటి నాలుగో మలుపులో కాలవలో దిగింది. ఇంకా జూలైయే కాబట్టి అది నేరం కాదు. వచ్చే వారం నేరం అవుతుంది. వచ్చే వారం అదే వ్యాను అదే కాలవలో దిగితే నగరం నుంచి ఫాబెర్ రావాలి, రెండున్నర గంటలు, దారి తెరిచి ఉంటే. రొట్టెలు గట్టిపడిపోతాయి. లోపల మనిషి సంగతి మీరు ఆలోచించండి, మీ అట్టలో ఆ అంశం లేదు కాబట్టి కాస్త కష్టపడి ఆలోచించండి.

పరీక్ష తేలిక చెయ్యమని మేం అడగట్లేదు. మూడున్నర నిమిషాలు ఇచ్చి చూడండి, ఆమెకు చాలు. పన్నెండు నిమిషాలు ఎక్కడ మొదలవుతాయన్నదే తగువు. బండి గలవాడు వచ్చి, తనది తను చేతుల్లోకి తీసుకుని, క్యాబిన్లో కూర్చున్నాక స్టాప్‌వాచ్ నొక్కండి. దాన్ని ఇరవై నాలుగో అంశంగా రాయండి, అది చెయ్యనివాడికి మార్కులు తగ్గించండి. నలభై గంటల్లో ఒక గంట ఒతీలియా చేత చెప్పించండి, మాస్టారు వెనక బెంచీలో కూర్చుంటాడు, ఆయనకు అభ్యంతరం లేదు, అడిగాను. గేటు దగ్గరి ఆ పిచ్చి నియమం కొట్టెయ్యండి, అబెలీనో నడుం ఇంకా నొప్పిగా ఉంది. ఆయన కార్మెన్ తల్లికి బిడ్డను అతికించి ఇవ్వండి, జిగురు మీ డబ్బుతో.

ముప్పై ఒకటో తేదీ శుక్రవారం. అంతకు ముందు మళ్ళీ పరీక్ష పెట్టండి. కొండ దిగి మేమే వస్తాం, బండ్లు మేమే తోసుకుంటాం. మీరు చెయ్యాల్సిన పని ఒక్కటే, దానికి చీటీ అక్కర్లేదు, ముద్ర అక్కర్లేదు. లేవండి, సొరుగు లాగండి, ఆ తాళంచెవి తీసుకెళ్ళి దోన్ అబెలీనో చేతిలో పెట్టండి. ఇవాళే పెట్టండి. సెన్యోరీతా భోజనానికి వెళ్ళే లోపు.